సముద్రం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: అలలు, ఆటుపోట్లు, ప్రవాహాలు

వేసవి సెలవులకో, కార్తీక పౌర్ణమికో, తుఫాను హెచ్చరికకో సముద్రం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్ళీ వస్తుంటాయి. వాటిని అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచి ఇక్కడ ఒకచోట చేర్చాం. ఉదాహరణలు ఎక్కువగా మన కోస్తావే. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది కాబట్టి మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## బయలుదేరే ముందు

అలలు, ఆటుపోట్లు, ప్రవాహాలు... మూడూ నీళ్ళు కదలడమే కదా, తేడా ఏంటి?

మూడింటినీ నడిపేవి వేరు. అలను పుట్టించేది గాలి. ఒక అల తర్వాత ఇంకో అల సెకన్లలో వచ్చేస్తుంది. పోటుకు కారణం చంద్రుడు, సూర్యుడు. నీటిమట్టం ఆరు గంటలు పెరిగి (పోటు), మరో ఆరు గంటలు తగ్గుతుంది (ఆటు). ప్రవాహమంటే నీరు నిజంగానే ఒక చోటు వదిలి ఇంకో చోటికి పోవడం. దాని వెనక గాలి ఉంటుంది, వేడి, ఉప్పదనాల్లో తేడాలుంటాయి, భూమి తిరగడం ఉంటుంది. పెద్ద ప్రవాహాలు నెలల తరబడి సాగుతాయి. బీచ్‌లో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం వీటిని ఒకటే అనుకోవడం. "అలలు లేవు, భయం లేదు" అని దిగినవాళ్ళను ప్రవాహం లాక్కెళ్తుంది.

ఇవాళ పోటు ఎన్నింటికో పంచాంగం చూసి చెప్పొచ్చా?

ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు సాధారణంగా ఉదయం ఎనిమిది, పది మధ్య వస్తుంది, రాత్రి మళ్ళీ ఇంచుమించు అదే వేళకు. అక్కడి నుంచి తిథి గడిచేకొద్దీ రోజుకు దాదాపు 50 నిమిషాలు, అంటే మన లెక్కలో రెండు ఘడియలు, ఆలస్యమవుతూ పోతుంది. అష్టమి వచ్చేసరికి నిండు పోటు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వైపు జరుగుతుంది. చంద్రుడు మన నెత్తి మీదికి రావడం కూడా రోజూ 50 నిమిషాలు ఆలస్యమే కదా, అందుకని. నిమిషాలతో సహా కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పోటు పట్టికలు చూడాలి.

"అలల ఎత్తు 2.5 మీటర్లు" అని హెచ్చరిక వచ్చింది. అంతకంటే పెద్ద అల రాదనుకోవచ్చా?

అనుకోకూడదు. ఆ అంకె గరిష్ఠం కాదు. వరుసగా వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటి సగటు చెబుతారు. ఆ సగటుకు దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా అప్పుడప్పుడు రావచ్చు. 2.5 అన్నారంటే నాలుగున్నర, ఐదు మీటర్లది కూడా ఒకటి ఉండొచ్చని పడవ నడిపేవాళ్ళు మనసులో పెట్టుకోవాలి. రాళ్ళ మీద నిలబడి సెల్ఫీలు దిగేవాళ్ళు మరీ ముఖ్యంగా.

హైదరాబాద్‌లో సముద్రమే లేదు, అక్కడి నుంచి సముద్రం గురించి ఎలా చెబుతారు?

వినడానికి తమాషాగానే ఉంటుంది. కానీ దేశం మొత్తానికి అలల అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్ ప్రగతి నగర్‌లోనే ఉంది. సముద్రంలో తేలే బోయాలు, ఓడరేవుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు, భూకంప కేంద్రాలు, ఉపగ్రహాలు ఇవన్నీ అక్కడికి సమాచారం పంపుతుంటాయి. ఒడ్డున కూర్చుంటే కనిపించేది ఐదారు కిలోమీటర్లే.

## ఒడ్డున నిలబడి చూస్తున్నప్పుడు

గాలి లేదు, మబ్బు లేదు. మరి ఇంత పెద్ద అలలు ఎక్కడివి?

అవి మన గాలికి పుట్టినవి కావు. దక్షిణ హిందూ మహాసముద్రంలో, అంటార్కిటికా వైపు, ఏడాది పొడవునా పెనుగాలులు వీస్తుంటాయి. అక్కడ లేచిన అలలు గాలి నుంచి బయటపడ్డాక నునుపుదేరి, బారుగా సాగి, వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. ఇలాంటి ఉబ్బు అలల మధ్య వ్యవధి 15 సెకన్లుంటే, ఆ గుంపు రోజుకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది. అంటే ఆరేడు రోజుల కిందటి తుఫాను ఫలితాన్ని మీరు ఇవాళ విశాఖలో చూస్తున్నారు. అలల మధ్య వ్యవధి ఎక్కువున్నవే ముందు చేరతాయి. కాబట్టి ఒడ్డున వాచీ పెట్టుకుని లెక్కిస్తే మొదటి రోజు 18 సెకన్లకొకటి, రెండు రోజుల తర్వాత 13 సెకన్లకొకటి వస్తున్నట్టు తెలుస్తుంది.

కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రమని. చడీచప్పుడు లేకుండా వచ్చి వీధుల్లోకి ఎక్కుతుంది కనుక ఆ పేరు. ఇప్పుడు ఇన్‌కాయిస్ హెచ్చరికల్లో కూడా ఈ మాట వాడుతున్నారు.

అల ఒడ్డుకు వస్తోందంటే ఆ నీళ్ళు కూడా అంత దూరం నుంచి వస్తున్నట్టేనా?

కాదు. పొట్ట మీదున్న వరి చేను మీద గాలి వీస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అల పరుగెత్తుతుంది, మొక్క మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. సముద్రంలోనూ అంతే. నీటి బిందువు పైకి లేచి, కాస్త ముందుకెళ్ళి, దిగి, వెనక్కొచ్చి ఇంచుమించు మొదటి చోటికే చేరుతుంది. దూరం పోయేది శక్తి. లోతుకు వెళ్ళేకొద్దీ ఈ గుండ్రటి కదలిక చిన్నదవుతూ, అల పొడవులో సగం లోతుకు చేరేసరికి దాదాపు ఆగిపోతుంది. జలాంతర్గాములు తుఫానులో మునిగి హాయిగా పోగలిగేది అందుకే.

ఒడ్డు దగ్గరికి రాగానే అల ఎందుకు విరిగిపోతుంది?

లోతు తగ్గేసరికి అల అడుగు నేలకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. వెనకొచ్చే అలలు దగ్గరపడతాయి, ఎత్తు పెరుగుతుంది. అల ఎత్తు అక్కడి లోతులో ముప్పావు వంతు దాటగానే పైభాగం అడుగును మించి ముందుకు పోయి కూలిపోతుంది. దీన్ని మీరు కొలతగానూ వాడుకోవచ్చు: నడుమెత్తు అల ఎక్కడ విరుగుతోందో అక్కడి లోతు కూడా నడుము కంటే కొంచెమే ఎక్కువ.

గాలి ఏ వైపు నుంచి వీచినా అలలు ఒడ్డుకే ఎదురుగా వస్తాయేంటి?

ఏటవాలుగా వచ్చే అలలో ఒక కొస ముందుగా లోతు తక్కువ చోటికి చేరి నెమ్మదిస్తుంది. రెండో కొస ఇంకా లోతులోనే ఉంటుంది కాబట్టి వేగంగా వస్తుంది. దాంతో అల ఒడ్డు వైపు తిరిగిపోతుంది. పూర్తిగా తిరగదు, కొంచెం వాలు మిగులుతుంది. తీరం వెంట ఇసుకను తోసుకుపోయేది ఆ మిగిలిన వాలే.

సముద్రం వెనక్కి వెళ్ళిపోయిందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. సునామీ వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

ముందు తేదీ, వేళ చూడండి. మన దగ్గర ఇలాంటి వీడియోలు చాలావరకు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మధ్యాహ్నం తీసినవి. ఆ రోజుల్లో విశాఖలో నిండు ఆటు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యే పడుతుంది. రోజూ కనిపించని రాళ్ళు బయటపడతాయి, వాటి మీద పాచి, నత్తలు కనిపిస్తాయి. మళ్ళీ సాయంత్రానికి మునిగిపోతాయి.

సునామీకి ముందు నీరు వెనక్కి పోయే తీరు వేరు. గంటలు పట్టదు, నిమిషాల్లోనే ఒడ్డు వెలితిపడి చేపలు ఇసుకలో కొట్టుకుంటాయి. అలా కళ్ళముందే జరుగుతుంటే వీడియో తీయడం మానేసి ఎత్తైన చోటికి వెళ్ళాలి.

చంద్రుడు ఒకవైపే ఉంటాడు కదా, రోజుకు రెండు పోట్లు ఎలా?

అందరినీ తికమక పెట్టే ప్రశ్న ఇదే. చంద్రుడు నీటిని మాత్రమే లాగడు, భూమినీ లాగుతాడు. తనకు దగ్గరున్న నీటిని ఎక్కువగా, భూమి నడిబొడ్డును ఓ మోస్తరుగా, అవతలి వైపు నీటిని అన్నిటికన్నా తక్కువగా లాగుతాడు. భూమితో పోలిస్తే ఇవతలి నీరు ముందుకు పోతుంది, అవతలి నీరు వెనకబడుతుంది. అలా రెండు వైపులా ఉబ్బు. భూమి తిరుగుతూ ఈ రెండింటి కిందుగా పోతుంది కాబట్టి సుమారు 12 గంటల 25 నిమిషాలకొక పోటు.

చంద్రుడు నీటిని బకెట్‌తో తోడినట్టు పైకి ఎత్తేస్తాడనుకోవద్దు. ఆ బలం భూమ్యాకర్షణలో కోటో వంతు. నీటిని పక్కలకు జరిపి ఒకచోట పోగుచేస్తుందంతే. సముద్రం అంత విశాలం కాబట్టే ఆ కొంచెం కూడా లెక్కకొస్తుంది. చెరువులో పోటు రాకపోవడానికి కారణం కూడా ఇదే.

సూర్యుడు అంత పెద్దవాడు. మరి పోటుకు చంద్రుడే ఎందుకు ముఖ్యం?

భూమి మీద సూర్యుడి ఆకర్షణ చంద్రుడి ఆకర్షణ కంటే వంద రెట్లకు పైగా ఎక్కువే. కానీ పోటుకు కావలసింది మొత్తం లాగుడు కాదు, భూమికి ఈ పక్కా ఆ పక్కా లాగుడులో తేడా. దూరం పెరిగితే ఈ తేడా చాలా త్వరగా తగ్గిపోతుంది. అందుకే సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగం కంటే తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే గీత మీదికొచ్చి కలిసి లాగుతారు, పోటు పెద్దది. అష్టమి వేళ అడ్డంగా లాగుతారు, పోటు చిన్నది. అసలైన పెద్ద పోటు తిథి నాడే కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావడం మామూలే.

మన ఒంట్లో కూడా నీళ్ళే ఎక్కువ. పౌర్ణమికి మనలోనూ పోటు వస్తుందట, నిజమేనా?

కాదు. పోటు బలం వస్తువు పొడవును బట్టి ఉంటుంది. భూమికి ఈ కొస నుంచి ఆ కొసకు పన్నెండు వేల ఏడు వందల కిలోమీటర్లు, మనిషి ఆరడుగులు.

విశాఖలో పోటు మీటరున్నర, గుజరాత్‌లో పది మీటర్లట. చంద్రుడు ఒక్కడే కదా?

చంద్రుడు ఒక్కడే, తీరాలు వేరు. మహాసముద్రం నడిమధ్యలో పోటు మీటరు కూడా ఉండదు. అది ఒడ్డుకొచ్చాక ఎంత పెరుగుతుందో తీరం ఆకారం నిర్ణయిస్తుంది. ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి సన్నబడుతూ, లోతు తగ్గుతూ పోతుంది. వచ్చిన నీరు పక్కలకు పోలేక ఎత్తు పెరుగుతుంది, భావనగర్ దగ్గర పది మీటర్లు దాటుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్లు. విశాఖ తీరం తిన్నగా, నీరు త్వరగా లోతెక్కేలా ఉంటుంది కాబట్టి ఇక్కడ పెద్ద రోజుల్లో కూడా తేడా మీటరున్నర దాకానే. బంగాళాఖాతంలోనే ఉత్తరానికి, హుగ్లీ ముఖద్వారానికి వెళ్తే నాలుగైదు మీటర్లు.

## నీళ్ళలోకి దిగేటప్పుడు

అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. అదే లోపలికి లాగేస్తుందా?

అది లాగేంత బలమైంది కాదు. వెనక్కి జారే నీరు మడమ చుట్టూ తిరిగేచోట వేగం పెరుగుతుంది, అక్కడి ఇసుకను కోసుకుపోతుంది. నాలుగు అలలకు మడమలు దిగబడతాయి, ఒళ్ళు తూలుతుంది. అసలు ప్రమాదం తూలినప్పుడు వచ్చే తర్వాతి అల. ఒడ్డు వాలుగా ఉన్న బీచ్‌లలో ఆ అల పడేసి, వెనక్కి పోయే నీరు రెండు మూడు గజాలు ఈడుస్తుంది. చిన్నపిల్లలకు ఆ రెండు గజాలే చాలు. చేయి పట్టుకునే ఉండండి, "మోకాలు లోతే కదా" అనుకోవద్దు.

అలలు లేని చోట దిగితే మంచిది కదా?

చాలాసార్లు అదే చెడ్డచోటు. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి. అది ఇసుక మేటల మధ్య లోతైన సందు వెతుక్కుని అందులోంచి ఏటి కాలువలా పోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. సందులో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు. ఒడ్డు నుంచి చూస్తే రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా ఒక బాట. కొన్నిసార్లు ఆ బాటలో మురికి నురగ, చెత్త లోపలికి పోతుండడం కనిపిస్తుంది. విశాఖ ఆర్కే బీచ్, రుషికొండ, యారాడలలో ఈత బాగా వచ్చిన కుర్రాళ్ళు కూడా మునిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. దిగే ముందు ఐదు నిమిషాలు ఎత్తున నిలబడి నీటిని గమనించండి.

లాక్కెళ్తుంటే ఏం చేయాలి?

ఒడ్డుకు ఎదురీదకండి. బలంగా ఉన్నప్పుడు రిప్ సెకనుకు రెండు మీటర్ల దాకా పోతుంది, అది ఒలింపిక్ ఈతగాడి వేగం. అలసిపోయినవాళ్ళే మునుగుతారు. అది నీటి కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది. వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకోండి, చెయ్యెత్తి పిలవండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ బాట వెడల్పు సాధారణంగా కొన్ని పదుల మీటర్లే. నురగ ఉన్న చోటికి చేరాక అలలే ఒడ్డుకు తోస్తాయి.

ఒడ్డున ఉన్నవాళ్ళు ఆవేశంగా దూకకూడదు. ఖాళీ క్యాన్, టైరు ట్యూబు, తాడు ఏదైనా విసరండి. ఒకరి కోసం దిగి ముగ్గురు పోయిన వార్తలు మనం చాలా చూశాం.

కార్తీక పౌర్ణమి స్నానానికి ఏ వేళ మంచిది?

పుణ్యం సంగతి పెద్దలు చెబుతారు, నీటి సంగతి ఇది: మన కోస్తాలో పౌర్ణమి తెల్లవారుజామున నీరు పోటు మీద ఉంటుంది, ఎనిమిది, పది మధ్య నిండుతుంది. సగటున గంటకు జానెడు చొప్పున పెరుగుతుంది. ఆరింటికి మోకాలి లోతులో నిలబడి సంకల్పం చెప్పుకున్న చోటే ఎనిమిదింటికి తొడల దాకా వస్తుంది. కాబట్టి ముందు వెళ్ళినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడదామని తర్వాత వచ్చినవాళ్ళు అనుకోకూడదు.

## తీరం, నదీముఖాలు

ఆర్కే బీచ్‌లో ఇసుక ఏటా ఎందుకు కోసుకుపోతుంది?

మన తూర్పు తీరంలో ఇసుక నడుస్తూ ఉంటుంది. నైరుతి కాలంలో దక్షిణం నుంచి వచ్చే అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. ఈ నడక దారిలో ఏ గోడ కట్టినా దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. విశాఖ ఔటర్ హార్బర్ గోడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన అలా అడ్డంగా ఉన్నాయి. అందుకే హార్బర్ దగ్గర ఇసుక తవ్వి బీచ్ వైపు పోస్తుంటారు. చెన్నైలోనూ ఇదే కథ: ఓడరేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు ఇళ్ళు సముద్రంలోకి పోయాయి. ఒకరి బీచ్ పెరిగిందంటే ఇంకొకరి ఊరు తగ్గిందని అర్థం, ఈ లెక్క కాగితాల మీద ముందే వేసుకుంటే బాగుండేది.

గోదావరి వరద కోనసీమలో త్వరగా దిగకపోవడానికి సముద్రం కారణమా?

కొంతవరకు. నది నీరు సముద్రంలో కలవాలంటే నది మట్టం సముద్రం కంటే ఎత్తులో ఉండాలి. పోటు వేళ ఆ తేడా తగ్గిపోతుంది, పల్లపు డ్రెయిన్లలో నీరు నిలబడిపోతుంది, కొన్నిచోట్ల ఎదురెక్కుతుంది. ఆటు వేళకు మళ్ళీ లాగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర వరద వస్తే రైతులు దిగులుపడేది ఇందుకే. మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఇసుక మేటలు వేసి ఉంటే బాధ ఇంకా ఎక్కువ.

## ఒడ్డు వదిలి లోపలికి

మన తీరంలో ప్రవాహం ఎటు పోతుంది?

కాలాన్ని బట్టి. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ఉత్తరానికి, ఒడిశా వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, తమిళనాడు వైపు. ఇలా ఏటా దిశ మార్చుకునే ప్రవాహాలు హిందూ మహాసముద్రం ప్రత్యేకత, రుతుపవనాలు మారతాయి కాబట్టి. స్థానిక గాలులే కాదు, దూరాన భూమధ్యరేఖ దగ్గర వీచే గాలుల ప్రభావం కూడా తీరం వెంట నడిచి ఇక్కడిదాకా వస్తుంది. దక్షిణానికి పోయే నెలల్లో గంగ, బ్రహ్మపుత్రల మంచినీరు కలిసిన ఉప్పు తక్కువ నీరు మన తీరానికి దిగుతుంది.

మార్చి, ఏప్రిల్‌లో బయట ఎండ మండుతుంటే విశాఖలో నీళ్ళు ఒక్కోసారి చల్లగా ఉంటాయేం?

నైరుతి నుంచి వీచే గాలి తీరానికి సమాంతరంగా పోతుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపుకు, అంటే ఇక్కడ లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటుకు కిందినుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటితోపాటు పోషకాలు రావడంతో చేపలకు మేత దొరుకుతుంది. 1950ల్లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి దీన్ని అధ్యయనం చేశాడు.

శ్రీకాకుళం తీరానికి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది కదా, అంత దూరం ఎలా వచ్చింది?

2022 మేలో, అసని తుఫాను సమయంలో సున్నాపల్లి దగ్గర ఒడ్డుకు చేరిందది. ఆగ్నేయాసియా బౌద్ధ మందిరంలా ఉండడంతో మయన్మార్ వైపు నుంచి వచ్చి ఉంటుందన్నారు. మాయ ఏమీ అక్కర్లేదు. తేలే వస్తువు ప్రవాహంలో గంటకు ఒక్క కిలోమీటరు సాగినా నెలన్నరలో వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. నీటి పైన ఎత్తుగా ఉన్న భాగానికి గాలి తెరచాపలా పట్టుకుంటే ఇంకా త్వరగా.

పైన ప్రశాంతంగా ఉంటే లోపల కూడా అంతేనా?

అక్కర్లేదు. తేలికైన వెచ్చటి నీరు పైన, బరువైన చల్లటి నీరు కింద పొరలుగా ఉంటాయి. ఆ పొరల మధ్య కూడా అలలు నడుస్తాయి. అండమాన్ సముద్రంలో ఇవి 60 మీటర్లు దాటుతాయి. పైన ఉన్న పడవకు అవి తెలియనే తెలియవు, నీటి మీద గరుకుగా కనిపించే పొడవాటి చారలు తప్ప.

## తుఫాను, సునామీ

ఉప్పెన అంటే పెద్ద అలే కదా?

కాదు, మొత్తం సముద్రమట్టమే లేచి రావడం. తుఫాను గాలి గంటల తరబడి నీటిని ఒడ్డు వైపు తోస్తుంది. లోతు తక్కువచోట ఆ నీటికి వెనక్కి పోయే దారి ఉండదు. దీనికి తోడు గాలి ఒత్తిడి ఒక్కో మిల్లీబారు తగ్గినప్పుడల్లా నీరు ఒక సెంటీమీటరు పొంగుతుంది. దాని మీద మళ్ళీ అలలు, నిండు పోటు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఇలాంటిదే. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున నీరు ఊళ్ళ మీదికి వచ్చింది, అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా చనిపోయారు.

1977లో తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటితే దివిసీమ ఎందుకు మునిగింది?

మన అర్ధగోళంలో తుఫాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. పడమరకు వచ్చే తుఫానుకు కుడివైపు, అంటే ఉత్తరం పక్కన, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపు నేల నుంచి సముద్రంలోకి. కాబట్టి తీరం దాటే చోటికి ఉత్తరాన ఉన్నవాళ్ళకే ఉప్పెన భయం ఎక్కువ. టీవీలో చుక్క మీ ఊరికి దక్షిణాన పడిందని నిశ్చింతగా ఉండకండి.

సునామీకి, మామూలు అలకు తేడా ఏంటి? నడిసముద్రంలో ఉన్నవాళ్ళ గతేంటి?

మామూలు అల పైపై నీటినే కదిలిస్తుంది. సునామీలో సముద్రపు అడుగు కదలడం వల్ల మొత్తం లోతు నీరూ కదులుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కానీ అక్కడ ఎత్తు మీటరు లోపే ఉండవచ్చు. బోటులో వేటకు వెళ్ళినవాళ్ళకు తెలియకపోవచ్చు కూడా. ఒడ్డుకొచ్చాకే వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మన సమయం ఉదయం ఆరున్నరకు భూకంపం వచ్చింది, తొమ్మిది గంటల ప్రాంతంలో నీరు మన తీరాన్ని తాకింది. ఆ రోజు పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో స్నానాలకు దిగినవాళ్ళు కొట్టుకుపోయారు. రెండున్నర గంటల వ్యవధి ఉన్నా చెప్పే వ్యవస్థ అప్పుడు లేదు. 2007 అక్టోబరు నుంచి ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది.

మొదటి అల వచ్చి వెళ్ళిపోయింది. ఇక ఇంటికి వెళ్ళొచ్చా?

వద్దు. సునామీ ఒక్క అల కాదు, పది నిమిషాల నుంచి గంట వ్యవధిలో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండోదో మూడోదో పెద్దదై ఉండొచ్చు. సామాన్ల కోసం, పడవల కోసం మధ్యలో దిగినవాళ్ళే ఎక్కువగా చిక్కుకుంటారు. హెచ్చరిక ఎత్తేశామని అధికారులు చెప్పేదాకా ఎత్తైన చోటే ఉండండి, దానికి చాలా గంటలు పట్టినా సరే.